వంకర ముక్కు, ఆడని ఊపిరి: రెండింటికీ ఒకే ఆపరేషన్ చాలా?

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. మాది తెనాలి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పదో తరగతిలో ఉండగా స్కూటీ మీద నుంచి పడి ముక్కుకు దెబ్బ తగిలింది. వాపు తగ్గాక ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు దూలం మధ్యలో ఎత్తుగా గూను తేలి, ముక్కు ఎడమ పక్కకి వాలి ఉంటుంది. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లలో ఒకావిడ నా ముందే ముక్కు గురించి మాట అనేసింది. ఒక క్లినిక్‌లో ఆపరేషన్ అక్కర్లేదు, ఇంజెక్షన్‌తో ఇరవై నిమిషాల్లో సరిచేస్తామన్నారు. ఒక ఈఎన్‌టీ డాక్టరు ముందు లోపలి గోడ ఒక్కటే చేద్దాం, ఆకారం సంగతి తర్వాత చూసుకుందాం అన్నారు. ఇంకొకరు రెండూ ఒకేసారి చేస్తామన్నారు. కుడి ముక్కు ఎప్పుడూ మూసుకునే ఉంటుంది, నోరు తెరిచి నిద్రపోతాను, రోజూ రాత్రి ముక్కులో చుక్కలు వేసుకుంటాను. అమ్మకి ఆపరేషన్ అంటేనే భయం. నాకు నచ్చిన ఒక హీరోయిన్ ముక్కు ఫొటో దాచుకున్నాను, అలా వస్తుందా? ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? పెళ్లికి ఎన్నాళ్ల ముందు చేయించుకోవాలి? ముక్కుపుడక పెట్టుకోవచ్చా?

సమాధానం: అమ్మా, మీరు ఉత్తరమంతా ఆకారం గురించే రాసి, నోరు తెరిచి నిద్రపోతున్న సంగతి మాత్రం మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ముగ్గురు డాక్టర్లు చెప్పినదాంట్లో ఎవరిది సబబో తేల్చేది ఆ ఒక్క ముక్కే.

ముందు ఆ చుక్కలు. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే ముక్కుదిబ్బడ చుక్కలు (ఆట్రివిన్, నాసివియాన్ లాంటివి) వరసగా ఐదారు రోజులు దాటి వాడితే, మందు ప్రభావం దిగగానే లోపలి కండ మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతుంది. అప్పుడు మళ్లీ చుక్కలు, మళ్లీ ఉబ్బు. మీ దిబ్బడలో ఎంత భాగం వంకర గోడది, ఎంత భాగం చుక్కలది అన్నది అవి మానితే తప్ప తెలియదు. ఒక్కసారిగా మానితే రాత్రుళ్లు నరకంలా ఉంటుంది కాబట్టి, డాక్టర్ని అడిగి స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, చుక్కలు ముందు ఒక పక్క, తర్వాత రెండో పక్క ఆపేయండి. ధూళి పడకపోవడం, పొద్దున్నే వరస తుమ్ములు ఉంటే అది అలర్జీ. దానికి మందు వాడాల్సిందే, ఏ ఆపరేషనూ అలర్జీని తీసేయదు.

ఇంట్లో చేసుకోగలిగే పరీక్షలు రెండున్నాయి. చల్లటి స్టీలు పళ్లెం ఒకటి తీసుకుని ముక్కు కింద అడ్డంగా పట్టుకుని, నోరు మూసుకుని మెల్లగా ఊపిరి వదలండి. పళ్లెం మీద రెండు ఆవిరి మచ్చలు పడతాయి. కుడి పక్క మచ్చ చిన్నదిగా పడుతోందా, అసలు పడటం లేదా చూడండి. ఒక్కసారి చూసి ఆగకండి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూడండి, ఎందుకంటే ఆరోగ్యమైన ముక్కులో కూడా కొన్ని గంటలకోసారి ఒక పక్క బిగిసి రెండో పక్క వదులవుతూ ఉంటుంది. ఎప్పుడు చూసినా కుడి పక్కే చిన్నదైతే లోపల గట్టి అడ్డు ఏదో ఉన్నట్టు. రెండోది, అద్దం ముందు నిలబడి కుడి చెంపను ముక్కు పక్కనే రెండు వేళ్లతో పట్టి చెవి వైపు మెల్లగా లాగి ఊపిరి పీల్చండి. లాగినప్పుడు గాలి ఒక్కసారిగా హాయిగా వెళ్తోందంటే ఇబ్బంది వాల్వ్ దగ్గర ఉండొచ్చు. ఇది చూచాయగా చెప్పేదే, దీన్నిబట్టే నిర్ణయం తీసుకోకండి, కానీ డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ రెండు సంగతులూ చెప్పండి, వాళ్లకి పనికొస్తాయి.

ఆ వాల్వ్ అంటే ఏమిటో కాస్త ఓపిగ్గా చదవండి, మీ ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. ముక్కు పైభాగం మూడోవంతు ఎముక, మిగతాది కార్టిలేజ్, అంటే చెవిలో ఉండేలాంటి మెత్తటి ఎముక. లోపల రెండు ముక్కుపుటాలనీ విడదీసే మధ్య గోడ ఉంటుంది, మనవాళ్లు దూలం వంకర అనీ, ముక్కులో ఎముక పెరిగిందనీ చెప్పేది దీని గురించే. పందిరికి నడిమి రాట ఎలాగో ముక్కుకి ఈ గోడ అలాగ. గోడ పక్కకి ఒరిగితే పైన ముక్కూ ఒరుగుతుంది. ఈ గోడా, పక్కన ఏటవాలుగా దిగే కార్టిలేజూ కలిసేచోట సన్నటి సందు ఉంటుంది, దాని కోణం మామూలుగా 10 నుంచి 15 డిగ్రీలు. ముక్కు మొత్తంలో గాలికి అన్నిటికంటే ఇరుకైన చోటు అదే. దాన్నే లోపలి వాల్వ్ అంటారు. అక్కడ ఒక మిల్లీమీటరు తగ్గినా మనిషికి తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ గూను చూడండి. అద్దంలో అది ఎముకలా కనిపిస్తుంది గానీ చాలామందిలో దాని పైభాగమే ఎముక, కింది భాగం కార్టిలేజ్, అదీ సరిగ్గా ఈ వాల్వ్ పైకప్పు. గూనుని అరగదీసి తీసేస్తే పక్క కార్టిలేజులకి మధ్య గోడతో ఉన్న పట్టు పోతుంది, అవి మెల్లగా లోపలికి కుంగుతాయి. ఆపరేషన్ అయిన కొత్తల్లో ఫొటోలో ముక్కు నాజూగ్గా, తీరుగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ మధ్యలో నొక్కినట్టు సన్నబడి, గట్టిగా పీలిస్తే పక్కలు లోపలికి అతుక్కుపోయి, ఊపిరి మునుపటికన్నా అధ్వానమవుతుంది. ఇది ఎవరో ఊహించి చెప్పింది కాదు, ఇరవయ్యో శతాబ్దంలో చాలా దశాబ్దాలు ముక్కు సర్జరీ అంటే తీసేయడమే. అమెరికాలోని రోచెస్టర్‌లో జాన్ ఓర్లాండో రో 1887లో, బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ 1898లో మొదలుపెట్టిన దారి అది: పెద్ద ముక్కుని చిన్నది చేయడం. ఎముక తీసేయ్, కార్టిలేజ్ తీసేయ్, మొన కోసెయ్. అలా చేయించుకున్నవాళ్లు ఊపిరాడక మళ్లీ వచ్చినప్పుడు, వాళ్లని బాగుచేస్తూ చేస్తూ సర్జన్లు దారి మార్చుకున్నారు. 1984లో జాక్ షీన్ అనే సర్జన్ గోడకీ పక్క కార్టిలేజుకీ మధ్య సన్నటి కార్టిలేజ్ పట్టీ పెట్టి ఆ సందుని తిరిగి తెరిచే పద్ధతి రాశాడు. స్ప్రెడర్ గ్రాఫ్ట్ అంటారు. ఇవాళ గూను తీసే సర్జన్లలో చాలామంది, తీసిన వెంటనే ఆ పట్టీలు పెట్టడమో, లేదా పక్క కార్టిలేజు అంచునే లోపలికి మడిచి కుట్టడమో చేస్తున్నారు. తీసేదానికంటే నిలబెట్టేదే ఎక్కువ ఉండాలన్నది ఇప్పటి పద్ధతి, నేనూ గట్టిగా నమ్మేది అదే.

అందుకే మీకు నా సలహా సూటిగా చెప్తున్నాను: రెండూ ఒకేసారి, ఒకే చేతి మీదుగా చేయించుకోండి. దీన్ని సెప్టోరైనోప్లాస్టీ అంటారు. ముందు గోడ ఒక్కటే చేద్దామన్న డాక్టరుగారు తప్పు చెప్పారని కాదు, బయట ముక్కు నిటారుగా ఉండి లోపల మాత్రమే వంకర ఉన్నవాళ్లకి అదే సరైనది, ఖర్చు తక్కువ, తొందరగా తేరుకుంటారు. మీ సంగతి వేరు. మీ గోడ పైఅంచుతో సహా ఒరిగి ఉంటుంది, ముక్కే పక్కకి వాలింది కాబట్టి. పైఅంచు వంకరని వదిలేసి లోపల మాత్రం చదును చేస్తే ఊపిరి కొంతవరకే బాగుపడుతుంది, ముక్కు అలాగే ఉంటుంది. ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ ముందు చెప్పరు. ముక్కు ఆకారం దిద్దడానికి కావలసిన కార్టిలేజ్ అన్నిటికంటే బాగా దొరికేది మధ్య గోడలోనే. మొదటి ఆపరేషన్‌లో వంకర భాగమని దాన్ని తీసి పారేస్తే, రెండేళ్ల తర్వాత ఆకారం కోసం వెళ్లినప్పుడు అక్కడ సామాను ఉండదు. అప్పుడు చెవి వెనక నుంచో, పక్కటెముక నుంచో తీయాలి. చెవిది వంపు తిరిగి మెత్తగా ఉంటుంది, గట్టి ఆధారానికి పనికిరాదు. పక్కటెముకది గట్టిదే గానీ పెట్టాక మెలితిరిగే గుణం ఉంది, ఛాతీ మీద ఇంకో కోత, ఇంకో నొప్పి. ఒకసారి గోడ ఆపరేషన్ అయిపోయినవాళ్లు ఈ మాట చదివి కంగారుపడకండి, పక్కటెముకతో మంచి ఫలితాలు తెచ్చే సర్జన్లు ఉన్నారు. కానీ మీకు ఇంకా ఏదీ కాలేదు కాబట్టి ఆ అవకాశం పోగొట్టుకోకండి అంటున్నాను.

గోడలోంచి కార్టిలేజ్ తీసేటప్పుడు కూడా పైనా ముందూ తిరగేసిన ఎల్ ఆకారంలో కనీసం ఒక సెంటీమీటరు వెడల్పు వదిలేయాలి. చాలామంది అంతకన్నా ఎక్కువే వదులుతారు. అది వదలకపోతే దూలం మధ్యలో కుంగి గుర్రపు జీనులా పల్లం పడుతుంది. మీరు సర్జన్‌ని నేరుగా అడగొచ్చు: "ఎంత వదులుతారు, ఎక్కడి నుంచి తీస్తారు, వాల్వ్‌కి ఏం చేస్తారు?" అని. ఈ ప్రశ్నకి విసుక్కునే డాక్టర్ దగ్గర చేయించుకోకండి. బాగా చేసేవాళ్లకి ఈ ప్రశ్న అంటే ఇష్టం, కాగితం తీసుకుని బొమ్మ గీసి మరీ చెప్తారు.

ఇక ఆ ఇరవై నిమిషాల ఇంజెక్షన్. ఇక్కడ నా గొంతు కాస్త కఠినంగా ఉంటే ఏమీ అనుకోకండి. అది ఫిల్లర్, ఎక్కువగా హయాలురోనిక్ యాసిడ్ జెల్. గూనుకి పైనా కిందా పల్లంలో నింపి గీత నిటారుగా ఉన్నట్టు కనిపించేలా చేస్తారు. అంటే ముక్కు తగ్గదు, ఇంకాస్త పెరుగుతుంది. ఊపిరికి వీసమెత్తు ఉపయోగం లేదు, కొన్ని నెలల నుంచి ఏడాదిన్నర లోపు కరిగిపోతుంది, మళ్లీ డబ్బు కట్టాలి. ఇవన్నీ అలా ఉంచండి. ముక్కు దూలం మీద నడిచే సన్నటి రక్తనాళాలు కంటికి రక్తం ఇచ్చే నాళంతో కలిసి ఉంటాయి. సూది పొరపాటున నాళంలోకి దిగి, జెల్ ఒత్తిడికి వెనక్కి ఎగదన్నితే రెటీనాకి రక్తం ఆగిపోతుంది. ఫిల్లర్ వల్ల చూపు దెబ్బతిన్న 48 కేసుల మీద 2019లో ఒక సమీక్ష వచ్చింది, అందులో సగానికి పైగా ముక్కుకి వేయించుకున్నవాళ్లే. అరుదైన ప్రమాదమే, లక్షలమంది వేయించుకుంటున్నారు, చాలామందికి ఏమీ కాదు. కానీ అయినవాళ్లకి విరుగుడు ఇంజెక్షన్ గంట, గంటన్నరలో పడకపోతే చూపు తిరిగి రావడం కష్టం, పడినా వస్తుందన్న నమ్మకం లేదు. బ్యూటీ పార్లర్ పైఅంతస్తులో ఆ విరుగుడు మందు ఫ్రిజ్‌లో ఉంటుందా? ఎంబీబీఎస్ అయినా చదవనివాళ్లు ఈ సూదులు వేస్తున్నారు, ఒక్క వారాంతం కోర్సు చేసి సర్టిఫికెట్ గోడకి తగిలించుకుంటున్నారు. మీ ముక్కుకి అసలు పనికే రాని దానికి కంటిని పణంగా పెట్టొద్దు. ఇదివరకే ఎవరైనా వేయించుకుని ఉంటే, ముక్కు మీదో నుదురు మీదో చర్మం ఒక్కసారిగా పాలిపోవడం, వలలాగా నీలి చారలు రావడం, విపరీతమైన నొప్పి, చూపు మసకబారడం, వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దామని ఆగకూడదు.

ఆపరేషన్ ఎలా ఉంటుందో అమ్మగారికి కూడా చదివి వినిపించండి, భయం చాలావరకు తెలియకపోవడం వల్లే. పూర్తి మత్తు ఇస్తారు, రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. ఓపెన్ పద్ధతిలో రెండు ముక్కుపుటాల మధ్య ఉన్న సన్నటి స్తంభం మీద చిన్న కోత పెట్టి చర్మాన్ని పైకి లేపి, లోపల అంతా కళ్లతో చూస్తూ చేస్తారు. క్లోజ్డ్ పద్ధతిలో కోతలన్నీ లోపలే. దెబ్బ తగిలి వాలిన ముక్కుకి చాలామంది ఓపెన్‌నే ఎంచుకుంటారు, నా మొగ్గూ అటే, కొలతగా కుట్టాలంటే కనబడాలి కదా. ఆ కోత మచ్చ కొన్ని నెలలకి మాట్లాడే దూరంలో కనిపించదు. "మచ్చే లేని సర్జరీ" అన్న ప్రకటన చూసి మాత్రం డాక్టర్ని ఎంచుకోకండి. వాలిన ఎముకని పక్కల కోసి మధ్యకి తెస్తారు. ఇదివరకు ఉలితోనే, ఇప్పుడు కొందరు అల్ట్రాసౌండ్ కంపనాలతో ఎముకని మాత్రమే కోసే పీజో పరికరం వాడుతున్నారు. అది మెత్తటి కండరాన్ని, లోపలి పొరని పెద్దగా గాయపరచదు, కోత అనుకున్నచోటే పడుతుంది. బాగుంటుంది. అయినా పీజో ఉన్న చేతగాని చేయి కంటే ఉలి పట్టుకున్న మంచి చేయి నయం, ఆ ఒక్క మిషన్ పేరు చెప్పి డబుల్ ప్యాకేజీ అంటే ఆలోచించుకోండి.

ప్రిజర్వేషన్ అన్న మాట కూడా మీకు కన్సల్టేషన్లలో వినపడుతుంది. గూనుని పైన అరగదీయకుండా, కింద నుంచి గోడలో సన్నటి పట్టీ, పక్కల ఎముకలో కొంత తీసి, దూలం దూలంగానే కిందికి దింపే పద్ధతి. ఆలోచన పాతదే, 1890ల నుంచి ఉంది. గత పదేళ్లలో మళ్లీ ఊపందుకుంది. వాల్వ్ పైకప్పు చెక్కుచెదరదు కాబట్టి నాకు చాలా నచ్చిన పద్ధతి. పుట్టుకతో వచ్చిన నున్నటి గూనుకి అద్భుతం. మీలాగ విరిగి, గరుకుగా అతుక్కున్న దూలానికి అన్నిసార్లూ కుదరదు. కుదురుతుందో లేదో చూసి చెప్పాల్సింది సర్జనే, మీరు ముందే అదే కావాలని పట్టుబట్టకండి.

ఆ తర్వాత: ముక్కు మీద గట్టి పట్టీ ఒక వారం. లోపల కొందరు సిలికాన్ రేకులు పెడతారు, వారంలోపు తీసేస్తారు. ఒకప్పుడు రెండు ముక్కుపుటాల్లో గుడ్డ కుక్కి రెండు మూడు రోజులు ఉంచేవాళ్లు, లాగేటప్పుడు ప్రాణం పోయినట్టుండేది, ఇప్పుడు చాలా తగ్గింది. మీ అమ్మగారు విన్న భయం కథలు బహుశా ఆ కాలంవే. కళ్ల కింద కమిలిన రంగు పది, పదిహేను రోజులు. నొప్పి కంటే దిబ్బడ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. తలవైపు ఎత్తు పెట్టుకుని పడుకోవాలి, రెండు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. కళ్లద్దాలు నాలుగు నుంచి ఆరు వారాలు ముక్కు మీద ఆనించకూడదు. మీకు అద్దాలుంటే కాంటాక్ట్ లెన్స్ ముందే అలవాటు చేసుకోండి. మొన కొన్ని నెలలు మొద్దుబారి, గట్టిగా ఉంటుంది, నవ్వితే బిగుసుకున్నట్టుంటుంది, ఇదంతా మామూలే. మీరు గానీ పక్కనుండేవాళ్లు గానీ సిగరెట్ కాల్చేవాళ్లయితే ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు ఆ పొగే వద్దు.

పెళ్లికి ఎన్నాళ్ల ముందు అని అడిగారు. కమిలిన రంగు పోయి పదిమందిలో తిరగడానికి మూడు వారాలు చాలు. కానీ పెళ్లి ఫొటోలకి కనీసం ఆరు నెలల ఎడం ఉంచుకోండి. మన దక్షిణాది వాళ్లలో చాలామందికి ముక్కు మొన దగ్గర చర్మం మందంగా ఉంటుంది. అలాంటి చర్మం కింద వాపు దిగడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పైనే పడుతుంది. మీ హీరోయిన్ ఫొటో ప్రశ్నకి సమాధానం కూడా ఈ చర్మంలోనే ఉంది. ఎముకనీ కార్టిలేజునీ సర్జన్ ఎంత సన్నగా చెక్కినా పైన కప్పేది మీ చర్మమే, మందపు చర్మం ఆ చెక్కుళ్లని పైకి చూపించదు, లోపల మరీ తగ్గించేస్తే మొన గుండ్రంగా ముద్దకడుతుంది. అందుకని ఫొటో తీసుకెళ్లండి, తప్పులేదు, మీకు ఏం ఇష్టమో సర్జన్‌కి తెలుస్తుంది. కానీ అడగాల్సింది "ఈ ముక్కు వస్తుందా?" అని కాదు, "నా ముక్కులో ఇందులోది ఏ మేరకు సాధ్యం?" అని. కంప్యూటర్లో మార్చి చూపించే బొమ్మ ఒక మాట కలుపుకోవడానికే, హామీ పత్రం కాదు. ఇంకో మాట, సెల్ఫీ చూసుకుని బాధపడకండి. ఒక అడుగు దూరంలో ఫోన్ పట్టుకుని తీసుకుంటే, ఐదడుగుల దూరం నుంచి తీసినదానికంటే ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు.

ఆవిడ ఎవరో అన్న మాట మీకు ఎంత గుచ్చుకుందో ఉత్తరంలోనే తెలిసిపోతోంది. అలా అనడం ముమ్మాటికీ తప్పు. అయితే ఒక్కటి మీతో మీరే తేల్చుకోండి. ఆ మాట అనకముందు కూడా మీకు ఈ ముక్కు సరిచేయించుకోవాలని ఉందా? ఉంటే సంతోషంగా చేయించుకోండి, ఆకారం కోసం ఆశపడటంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, దెబ్బ తగలకముందు ముక్కు ఎలా ఉండేదో అలా కావాలనుకోవడం న్యాయమైన కోరిక. రాబోయే సంబంధం వాళ్ల కోసం మాత్రమే అయితే ఊపిరి కోసం చేయించుకుని, ఆకారం వంకర తీసేంతవరకే చాలని చెప్పండి. రోజులో గంటల తరబడి అద్దం ముందు ముక్కు గురించే ఆలోచన, దానివల్ల బయటికి వెళ్లబుద్ధి కాకపోవడం ఉంటే మాత్రం ముందు మనసు డాక్టర్ని కలవండి. మంచి సర్జన్లు అలాంటివాళ్లకి వెంటనే ఆపరేషన్ చేయరు, ఎందుకంటే ముక్కు ఎంత బాగా వచ్చినా వాళ్ల బాధ తగ్గదు.

నూటికి నూరు పాళ్లు అని ఎవరైనా మాట ఇస్తే లేచి వచ్చేయండి. నూటికి ఐదు నుంచి పదిహేను మందికి ఎంతో కొంత రెండోసారి దిద్దాల్సి వస్తుందన్నది సర్జన్లే సాధారణంగా చెప్పుకునే లెక్క. వాలిన ముక్కు కొంచెం వెనక్కి వాలడానికే చూస్తుంది, పాత కార్టిలేజ్‌కి పాత వంపు గుర్తుంటుంది. రెండోసారి చేయాల్సి వచ్చినా కనీసం ఏడాది ఆగాలి. గోడకి చిల్లు పడటం, ఇన్ఫెక్షన్, రక్తం కారడం లాంటివి తక్కువే గానీ లేవని చెప్పకూడదు. పక్క గోడల్లోని కండని (టర్బినేట్ అంటారు) కొంచెం తగ్గిస్తే చాలు, మొత్తం కోసేయడానికి ఒప్పుకోకండి. అది లేకపోతే లోపల ఖాళీ ఉన్నా గాలి అందడం లేదన్న బాధ మిగిలిపోవచ్చు. దూలానికి సిలికాన్ ముక్క పెడతామన్నా వద్దనండి, మీ ముక్కుకి ఎత్తు తక్కువ లేదు, పైగా అది ఎన్నేళ్ల తర్వాతైనా చర్మాన్ని చీల్చుకుని బయటపడే ప్రమాదం ఉంది.

సర్జన్ ఎంఎస్ ఈఎన్‌టీ గానీ, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ గానీ అయి ఉండాలి, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చూసుకోండి. రెండు శాఖల్లోనూ గొప్పగా చేసేవాళ్లున్నారు. నేను చూసే గుర్తు ఒక్కటే: మీ ముక్కు లోపల ఎండోస్కోప్ పెట్టి చూడకుండా ధర చెప్పినవాళ్లు వద్దు. వాళ్లు చేసిన ముక్కుల ఫొటోలు ఆపరేషన్ అయిన నెలవి కాదు, ఏడాది తర్వాతవి అడగండి, కింద నుంచి తీసినవి కూడా. డబ్బు ఇబ్బందైతే హైదరాబాద్‌లో కోఠీ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, ఉస్మానియాలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది, విశాఖలోనూ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ముందు అక్కడ చూపించుకోండి.

ఇన్సూరెన్స్ సంగతి. మన దేశంలో పాలసీలన్నీ అందం కోసం చేసే సర్జరీని మినహాయిస్తాయి. ప్రమాదం తర్వాత సరిచేసేది, వైద్యపరంగా తప్పనిసరైనది మాత్రం ఆ మినహాయింపులోకి రాదు. మీకు దెబ్బ తగిలి పదేళ్లయింది, అప్పటి కాగితాలు ఏమీ ఉండి ఉండవు కాబట్టి ఇప్పటి ఎండోస్కోపీ రిపోర్టు, సీటీ స్కాన్, ఊపిరి ఇబ్బంది గురించి డాక్టర్ రాసిన నోట్, ఇవే మీ ఆధారం. చాలా పాలసీల్లో వంకర గోడ ఆపరేషన్‌కి రెండేళ్ల వెయిటింగ్ కూడా ఉంటుంది, అది దాటిందో లేదో చూసుకోండి. ఊపిరి భాగం బిల్లు, ఆకారం భాగం బిల్లు విడివిడిగా రాయమనండి, ముందే కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. క్లెయిమ్ కోసం అందం పనిని కూడా జబ్బు కింద రాసేస్తామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, బయటపడితే మొత్తం పోతుంది.

ఇది చదివే తల్లిదండ్రులకి ఒక మాట చెప్పి ముందుకి వెళ్తాను. పిల్లలకి ముక్కు మీద దెబ్బ తగిలి వాస్తే అదే రోజు డాక్టర్ దగ్గర ముక్కు లోపలి భాగం చూపించండి. మధ్య గోడలో రక్తం గడ్డకట్టి ఉంటే మూడు నాలుగు రోజుల్లో కార్టిలేజ్ చచ్చిపోతుంది. అది లేకపోయినా, వాపు కాస్త దిగాక పది రోజుల లోపు చూపిస్తే విరిగిన ఎముకని కోత లేకుండానే తిరిగి చోట్లో పెట్టొచ్చు. ఆ గడువు దాటితే ఇదుగో, ఇంత పెద్ద ఆపరేషన్.

చివరగా ముక్కుపుడక. ఆపరేషన్‌కి ముందు తీసేయాలి, లోహం ఏదీ ఉండకూడదు. అంతకుముందే కుట్టించుకున్నదైతే మళ్లీ ఎప్పుడు పెట్టుకోవచ్చో మీ సర్జన్ కుట్లు చూసి చెప్తారు, మధ్యలో రంధ్రం పూడుకుపోవచ్చు, దానికి బెంగ పెట్టుకోకండి. ఇంకా కుట్టించుకోలేదంటే మాత్రం ఇప్పుడు తొందరపడకండి. వాపు పూర్తిగా దిగి, ముక్కు ఆకారం స్థిరపడ్డాక, పెళ్లి తేదీ బట్టి చూసుకుని కుట్టించుకుంటే పుడక కూర్చునే చోటు కూడా తీరుగా వస్తుంది.